చేప తోక దాకా

విశాఖపట్నం
22 జూన్ 2024

నీలిమా,

దీవెనలు ముందే పెట్టేస్తున్నాను. ఉత్తరం చివరికొచ్చేసరికి నాకు ఆ మంచి బుద్ధి మిగులుతుందో లేదో. ఎందుకంటే రాస్తున్నది నీ కెమెరా గురించి.

అండమాన్‌లో చేపల శాఖ ఉద్యోగానికి ఓడెక్కుతూ దీన్ని నా చేతిలో పెట్టి, "మామ్మా, స్లయిడ్ ఫిల్ము రోజులు అయిపోయాయి, ఇక దీనికి అలవాటు పడు" అని హితవు చెప్పి పోయావు. ముప్పై ఏళ్లు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినదాన్ని. ఎంతోమంది మొద్దులకి నత్త గుండె ఎక్కడుంటుందో నేర్పాను. ఈ యంత్రానికి మాత్రం ఏదీ నేర్పలేకపోతున్నాను. నొక్కినప్పుడల్లా పిచ్చుకలా కిచ్‌మంటుంది. నొక్కిన మరుక్షణం ఫొటో చూపించేస్తుంది. కాస్త సిగ్గూ లేదు, ఓర్పూ లేదు. నా ఫిల్ము అలా ఉండేదా? చెన్నై వెళ్లి, కడిగించుకుని, అట్ట చట్రాల్లో కూర్చుని తిరిగొచ్చేదాకా మూడు వారాలు నన్ను నా స్థానంలో ఉంచేది.

వేట నిషేధం అయిపోయింది. బోట్లు మళ్లీ కదిలాయి. తెల్లవారకుండానే మీ నాన్న నన్ను స్కూటరు మీద ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లి, తను టీ కొట్టు దగ్గర పేపరు చదువుకుంటాడు. పోర్టులో ఉద్యోగం చేస్తున్నాడన్న మాటే గానీ మీ నాన్నకి చేప వాసన పడదు. చేపలమ్మే మన గంగాలమ్మ, బోటు నుంచి దిగిన చేపల్లో రంగు చెదరనిది ఒకటి ఏరి, కడిగి, తడి చెక్క మీద పడుకోబెడుతుంది. శాస్త్రం ప్రకారం మూతి ఎడమకి, తోక కుడికి. నేను కుడి కన్ను మూసి ఎడమ కన్ను కెమెరాకి ఆనించుకుంటాను. ఇన్నేళ్లయినా ఆవిడకి అదొక వేడుక. "ఏటి మేస్టరమ్మా, ఈ వయసులో సేపకి కన్ను కొడతన్నారు!" అంటుంది.

అసలు సంగతికొస్తాను. నిన్న ఒక గులివింద చేపని తీశాను. అబ్బ, ఏం ఎరుపు! గంగాలమ్మ నా భుజం మీంచి కెమెరా వెనక తెరలోకి తొంగిచూసి, "తోకేదమ్మా? తోక నేని సేపని నానైతే బేరానికే ఎట్టను" అంది. చూస్తే నిజమే, తోక చివర లేదు. ఇంకోటి తీశాను. దానికీ లేదు. నేను తోక దాకా చూసే నొక్కాను. నీ కెమెరా మధ్యలో ఎక్కడో మింగేస్తోంది.

బూజు పట్టి పోయిన స్లయిడుల చేపలన్నీ మళ్లీ తీసి, వచ్చే ఏడాదిలోపు పుస్తకం పూర్తి చేద్దామన్నది మన ఒప్పందం. ఫొటోలు నావి, పేజీలు పేర్చడం నీది. ఇలా తోకలు తింటూ పోతే మన పుస్తకం పేరు "విశాఖ తీరపు మొండి చేపలు" అని పెట్టాలి.

ఫొటోలున్న కెమెరా కార్డు దీనితో స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మీ డిగ్లీపూర్‌లో వాన పడితే సిగ్నల్ పోతుందంటావు, ఎండకాస్తే కరెంటు పోతుందంటావు. అందుకని ఉత్తరమే నయం. పైగా ఫోనులో చెప్పింది ఎవరికీ గుర్తుండదు. ఉత్తరమైతే రేపు దెబ్బలాటకి ఆధారం ఉంటుంది.

మీ మామ్మ,
ఆదిలక్ష్మి

---

డిగ్లీపూర్
4 జూలై

మామ్మకి,

నీ దీవెనలు ఉత్తరం చివరిదాకా చెడిపోకుండానే అందాయి.

కార్డు చూశాను. ఆ గులివింద ఎరుపు చూసి మా ఆఫీసు మొత్తం నా బల్ల దగ్గర చేరింది. తోకల గురించి నువ్వేం కంగారుపడకు. తప్పు నీది కాదు, కెమెరాదీ కాదు. ఫిల్ము ఉండాల్సిన చోట ఇందులో ఒక పలక ఉంటుంది. అది నీ ఫిల్ము కంటే చిన్నది. నువ్వు దానికి నీ పాత లెన్సు తగిలించావు కదా, అంచులు కోసుకుపోతాయి. డిజిటల్‌కి మారినవాళ్లందరికీ మొదట్లో జరిగేదే.

ఉపాయం చిన్నదే. నాలుగడుగులు వెనక్కి జరిగి తియ్యి. చేప చుట్టూ బోలెడంత చోటు వదిలెయ్యి. అక్కర్లేనిది ఇక్కడ కంప్యూటర్‌లో నేను కోసేస్తాను. మరీ కష్టమనిపిస్తే మా ఆఫీసులో చందు అని ఫొటోలు తీసే అబ్బాయి ఉన్నాడు. కాకినాడవాడు, పనిమంతుడు. కొన్ని చేపలు ఇక్కడా దొరుకుతాయి కాబట్టి తను తీసిస్తానన్నాడు.

ఇక్కడ వాన మొదలయ్యాక ఆగే అలవాటు లేదు. నా చెప్పులకి కూడా నీ స్లయిడుల బూజే పట్టింది. అమ్మతో చెప్పి పూర్ణా మార్కెట్‌లో మనం ఎప్పుడూ కొనే కొట్టు కాఫీ పొడి పంపించవా? ఇక్కడిది చింతగింజలు వేయించి పొడి చేసినట్టుంది.

నీ
నీలిమ

---

విశాఖపట్నం
15 జూలై

నీలిమా,

చందు ఎవరు?

నువ్వు ఇంత పొడుగు ఉత్తరంలో చింతగింజల మధ్య ఇరికించి రాస్తే నేను గమనించననుకున్నావా? మీ అమ్మ కూడా రెండుసార్లు చదివింది. ఆవిడ చదివిన కారణం వేరు, నేను చదివిన కారణం వేరు. మీ అమ్మకి "కాకినాడవాడు, పనిమంతుడు" అన్నది నచ్చింది. నాకు "తను తీసిస్తానన్నాడు" అన్నది గుచ్చుకుంది. నా పుస్తకంలో చేపల్ని ఇంకెవరో తీస్తే దాన్ని నా పుస్తకమని ఎలా అంటారు?

ఇక చుట్టూ చోటు వదలమన్న నీ సలహా. నీకు ఫొటో తీయడం నేర్పింది నేనే కాబట్టి తిట్టే హక్కు నాకుంది. స్లయిడంటే ఫిల్మే ఫొటో. గోడ మీద వెలిగించినప్పుడు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అందరూ చూస్తారు. తర్వాత కోసుకుందాంలే అనే వీలు లేదు. అందుకే మూతి ఆ అంచుకి, తోక ఈ అంచుకి సరిగ్గా పట్టేలా నిలబడి, ఊపిరి బిగబట్టి నొక్కేవాళ్లం. ముందు బద్ధకంగా తీసి తర్వాత కత్తెర పట్టుకోవడం దర్జీ పని, ఫొటోగ్రాఫర్ పని కాదు.

అయినా పెద్దదాన్ని, మొండిదాన్ని అంటావని నీ మాట మన్నించి వెనక్కి జరిగాను. చోటు మాత్రం వదలకుండా మళ్లీ అంచు నుంచి అంచు దాకా పట్టించాను. మళ్లీ తోకలు పోయాయి! రెండు చందువాలు, ఒక వంజరం, పదో పదిహేనో కానాగంతలు. నిన్న గంగాలమ్మ నవ్వడం కూడా మానేసింది. "మేస్టరమ్మా, నీకేటైనా ఒంట్లో బాగోనేదా? ఇంటికెల్లి పడుకోరాదా?" అంది. ఆవిడ వెటకారమాడితే నాకు బెంగ లేదు. జాలి పడితేనే ఒళ్లు మండింది.

తెర మీద చూస్తూ తియ్యొచ్చు కదా అని మీ నాన్న ఉచిత సలహా పారేశాడు. చేతులు చాపి అద్దంలో మొహం చూసుకున్నట్టు ఫొటో తీస్తే చేతులు వణుకుతాయి. కన్ను ఆనించాల్సిందే. ఆ అలవాటు మాత్రం మార్చుకోను.

కార్డూ కాఫీ పొడీ ఒకే పార్సిల్లో పంపుతున్నాను. చందూకి కాఫీ ఇవ్వొచ్చు. చేపలు ఇవ్వకు.

మామ్మ

---

డిగ్లీపూర్
27 జూలై

మామ్మా,

ఈ ఉత్తరం అందగానే దయచేసి కోప్పడకుండా చివరిదాకా చదువు. చందు సంగతి పక్కన పెట్టు. అది వేరే ఉత్తరంలో దెబ్బలాడుకుందాం.

నీ ఫొటోలన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూశాను. నేను చెప్పిన కారణం తప్పు మామ్మా. లెన్సు అంచులు కోసేస్తే రెండు వైపులా పోవాలి. ఒక్క చేపకీ మూతి పోలేదు. అన్నిటికీ తోకే పోయింది. అంటే అన్నిట్లోనూ కుడివైపే. ఇంకో సంగతి నాకు ముందే తట్టాల్సింది, సిగ్గుగా ఉంది. ఆ కెమెరాకి కన్ను ఆనించినప్పుడు ఎంత కనిపిస్తే అంతే ఫొటోలో పడుతుంది. లెన్సు కోసే తోకే అయితే నొక్కకముందే ఆ కోత నీకు కనిపించేది. నువ్వేమో తోక దాకా చూసే నొక్కానంటున్నావు.

నువ్వు అబద్ధం చెప్పవు. కెమెరా కూడా చెప్పదు.

ఒక పని చేస్తావా? నాన్న బల్ల మీద ఉండే పొడుగు స్టీలు స్కేలుని తెల్ల బట్ట మీద అడ్డంగా పెట్టు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టేలా ఎడమ కన్నుతో ఒక ఫొటో, కుడి కన్నుతో ఒక ఫొటో తియ్యి. తీసి, ఏమొచ్చిందో నాకు రాయి. రాసే ముందు కళ్ల డాక్టర్‌కి చూపించుకుంటే ఇంకా మంచిది. నాన్నకి నేనింకా చెప్పలేదు. నువ్వే చెబుతావని ఆగాను.

ఇక్కడ సిగ్నల్ వచ్చినప్పుడు నీకు రెండుసార్లు ఫోను చేశాను. "ఉత్తరం రాయి" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను.

నీలిమ

---

విశాఖపట్నం
6 ఆగస్టు

నీలిమా,

ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను. కోప్పడకుండా అన్న షరతు మాత్రం నిలబెట్టుకోలేకపోయాను.

ముందు నాకు తోచింది చెబుతాను. ఇదంతా ఆ చందు కోసం వేసిన ఎత్తు అనుకున్నాను. మామ్మకి కళ్లు కనిపించడం లేదని తేలిస్తే పుస్తకం కాకినాడ చేతికి పోతుంది కదా అని. రెండు రోజులు మీ అమ్మతో కూడా మాట్లాడలేదు. ఆవిడేం చేసిందని అడక్కు, ఎదురుగా ఉంది, అంతే. పేపరు చిన్న అక్షరాలతో సహా చదివేస్తాను, సూదిలో దారం ఎక్కిస్తాను, ఎదురింటి డాబా మీద ఎవరి చీర ఎండుతోందో చెబుతాను. నాకేం తక్కువ?

తర్వాత స్కేలు తీశాను.

బట్ట పరిచాను, స్కేలు పెట్టాను. ఎడమ కన్నుతో ఒకటి, కుడి కన్నుతో ఒకటి నొక్కాను. రెంటికీ ఈ చివరా ఆ చివరా చూసుకునే నొక్కాను. నొక్కేముందు ఒక పని చేశాను. తీయగానే ఫొటో చూపించే ఆ తెరని మీ నాన్నతో ఆపించాను. "ఎందుకమ్మా?" అన్నాడు. "బ్యాటరీ తింటోంది" అన్నాను. నేను అబద్ధం చెప్పనని రాశావు కదా, ఆ మాట వెనక్కి తీసుకో.

చూడాలంటే చూడొచ్చు. బొత్తాం పక్కనే ఉంది. వేలు దానిమీదే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నొక్కలేదు. అందుకని ఈ రెంటినీ స్లయిడ్ ఫిల్ము అనుకుంటున్నాను. పోస్టులో వెళ్తుంది. ఎక్కడో దూరాన కడుగుతారు. వచ్చేదాకా బాగుందో పాడయిందో ఎవరికీ తెలియదు. ఆ మూడు వారాలు నాకు కావాలి. కార్డు ఇందులో ఉంది. నువ్వు చూసి రాయి.

మెత్తగా రాయకు.

మామ్మ

---

డిగ్లీపూర్
19 ఆగస్టు

మామ్మా,

గాలివాన వల్ల పోర్ట్ బ్లెయిర్‌లో టపా ఆగిపోయి కార్డు ఇవాళే చేతికొచ్చింది. రోజూ పోస్టాఫీసు గుమ్మంలో నిలబడితే అక్కడి తాతబాబుగారు "ఎవరిదమ్మా అంత ముఖ్యమైన ఉత్తరం?" అని అడగడం కూడా మానేసి, నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేవారు. ఇవాళ నిలువుగా ఊపారు. అప్పటిదాకా రావాలని ఎదురుచూసినదాన్ని, కవరు చేతిలోకి రాగానే చింపడానికి భయపడ్డాను.

మెత్తగా రాయొద్దన్నావు. కుడి కన్నుతో తీసిన ఫొటోలో స్కేలు రెండు చివరలూ ఉన్నాయి. ఎడమ కన్నుతో తీసినదాంట్లో సున్నా దగ్గర మొదలై ఇరవై ఆరు దగ్గర ఆగిపోయింది. మిగతా నాలుగు సెంటీమీటర్లు ఫొటో బయట ఉన్నాయి. అవి నీకు కనిపించాయనే నువ్వు నొక్కావు.

దీని పేరేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలని నెట్‌లో వెతికాను, వెతక్కుండా ఉండాల్సింది. నాన్నకి ఇవాళే ఉత్తరం వేస్తున్నాను. సిగ్నల్ దొరికితే ఫోను కూడా చేస్తాను. నన్ను తిట్టు, పరవాలేదు. కానీ రేపే వెళ్లు మామ్మా. పుస్తకం ఎన్నాళ్లయినా ఆగుతుంది. నువ్వు లేకుండా ఒక్క పేజీ కూడా చందుకి గానీ ఇంకెవరికి గానీ ఇవ్వను. ఆ మాట మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది.

నీలిమ

---

విశాఖపట్నం
30 ఆగస్టు

నీలిమా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నేను ఆస్పత్రికి వెళ్లొచ్చి వారం దాటింది. కాబట్టి మీ నాన్నకి ఫిర్యాదు చేసిన పుణ్యం నీకు దక్కలేదు.

మూడు వారాలు కావాలని గొప్పగా రాశానే గానీ ఉండబట్టలేదు. ఒక మధ్యాహ్నం బీరువాలోంచి ప్రొజెక్టరు తీసి, కిటికీలకి దుప్పట్లు కట్టించి, పాత పెట్టెలు గోడ మీద వెలిగించాను. అన్నీ బారుగా, నిండుగా, తోకలు విప్పుకుని వచ్చాయి. చివరి పెట్టెకొచ్చేసరికి, అంటే నీ కెమెరా ఈ ఇంట్లో అడుగుపెట్టక ముందు తీసిన ఆఖరి ఫిల్ములో, తోకల కొసలు లేవు. అప్పట్లో అవి చూసి ఏమనుకున్నానో గుర్తొచ్చింది. అట్ట చట్రం అంచులు కప్పేసిందనుకున్నాను. నువ్వేమో లెన్సు మీద పెట్టావు. నేను అట్ట మీద పెట్టాను. తప్పు మోపడానికి మనకి సామాను బోలెడంత ఉంది.

ప్రొజెక్టరు ఆపేసి, "రోజారమణీ, చీర మార్చుకో, ఆస్పత్రికి వెళ్దాం" అన్నాను. మీ అమ్మ పొయ్యి మీద పప్పు అలాగే వదిలేసి బయల్దేరింది. ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు. ఆ ఆశ్చర్యానికి ఆవిడే భయపడిపోయింది, "అత్తయ్యా, నిజంగా అంత బాగోలేదా?" అని.

దీని పేరు గ్లకోమా. మనవాళ్లు నీటికాసులు అంటారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చప్పుడు లేకుండా, నొప్పి లేకుండా చూపు అంచుల్ని కొరుక్కుంటూ వస్తుందట. ఒక గిన్నె లాంటి పెట్టెలో మొహం పెట్టించి, అక్కడక్కడ చిన్న దీపాలు వెలిగిస్తూ, కనిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. ముప్పై ఏళ్లు షట్టరు నొక్కిన వేలు నాది, బాగా నొక్కుతున్నాననే అనుకున్నాను. తర్వాత కాగితం మీద నా ఎడమ కన్ను చూపించారు. ముక్కు పక్కన, అంటే కుడివైపు, ఒక ముక్క నల్లగా ఉంది. అక్కడ దీపాలు వెలిగాయట. నేను నొక్కలేదట.

డాక్టరమ్మ చెప్పింది విను. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒకదాని లోటు ఒకటి కప్పేస్తుందట, ఇంట్లో కోడళ్లు అత్తల సంగతి కప్పినట్టు. (పోలిక నాది, ఆవిడది కాదు.) పైగా కనిపించని చోట నల్లగా ఉండదు. మెదడు తనకు తోచింది పూరించేస్తుంది. నేను చూసిన తోకలన్నీ అలా పూరించుకున్నవే. ఎన్నో ఏళ్ల తోకలు గుర్తున్నాయి కదా, కొత్త చేపకి పాత తోక అతికించుకున్నాను. చాలామంది ఇంకా ముదిరాక వస్తారట. "మీకెలా తెలిసింది?" అని అడిగింది. "కన్ను కొడుతూ దొరికిపోయాను" అన్నాను.

పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు ఇచ్చారు, జీవితాంతం. మీ అమ్మ పొద్దున్నా రాత్రీ మిలిటరీ వాడిలా సీసా పట్టుకుని వస్తుంది. రెండు చుక్కలు పడితే ఒకటి చెంప మీదే. కుడి కంట్లో కూడా ఒత్తిడి ఉందట, చూపు ఇంకా చెడలేదు. ధైర్యంగా ఉన్నానని రాయమంటావా? పొద్దున్న లేవగానే కుడి కన్ను మూసి, ఎడమ కన్నుతో గోడ క్యాలెండర్ చూసి, కుడి చివర శనివారం ఉందా లేదా అని వెతుక్కుంటున్నాను. రోజూ ఉంటోంది. రోజూ నమ్మకం కుదరడం లేదు.

ఇక నీ సంగతి. ఇది రక్తంలో దిగుతుందట. మా నాన్న చివరి రోజుల్లో పొలం గట్టు మీంచి జారి పడుతుంటే వయసు అనుకున్నాం. మీ నాన్నకి పరీక్ష చేయించాను, ప్రస్తుతానికి బాగుంది. నువ్వు పోర్ట్ బ్లెయిర్ వెళ్లి చేయించుకో. మామ్మ వయసు రాలేదు కదా అనకు. బాగుందన్న కబురు నీ చేతిరాతతో వచ్చేదాకా ఇంకో కార్డు పంపను. ఈ బెదిరింపు నీకు అర్థమయ్యే భాషలోనే పెట్టాను.

నిన్న మళ్లీ హార్బర్‌కి వెళ్లాను. గంగాలమ్మకి సంగతంతా చెప్పాను. "అయితే ఇన్నాల్లూ నా మొకం కూడా సగమే సూసీవోరా?" అంది. "సగమే చూశాను కాబట్టే స్నేహం నిలిచింది" అన్నాను. పగలబడి నవ్వి, ఒక పెద్ద గులివింద ఏరి చెక్క మీద పెట్టింది. ఎడమ కన్నే ఆనించాను. కుడి కన్నుతో చూస్తే నాకు చేప పరాయిదానిలా ఉంది, ఏం చేయను? అయితే ఈసారి వెనక్కి జరిగాను. మూతి ముందు ఖాళీ, వీపు మీద ఖాళీ, తోక అయిపోయిందనుకున్న చోటు దాటాక ఇంకా బోలెడంత ఖాళీ. నా ముప్పై ఏళ్ల పాఠానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. తీశాక తెర చూపిస్తే గంగాలమ్మ పెదవి విరిచింది. "ఇదేటి మేస్టరమ్మా, ఇంత సేప అంతైపోనాది!" అంది. తర్వాత వేలు పెట్టి చూపించింది, "తోకుందిలే" అని.

ఆ గులివిందని తీసిన కార్డు ఈ కవర్లోనే ఉంది. నీ చేతిరాత వచ్చేదాకా ఇదే ఆఖరిది. చందూని ఒకసారి చూడమను. మెచ్చుకుంటే చెప్పు, లేకపోతే దాచు. నేను చూడలేని చోటు కూడా కలిపే పంపుతున్నాను. కత్తెర నీ చేతిలో ఉంది. కొయ్యి.

తోక దగ్గర మాత్రం కొంచెం ఎక్కువే వదులు.

మామ్మ